ఆక్రమణమునందలి అర్థవిచారము

ప్రత్యక్ష చర్య యను పదబంధమును మనము ఆంగ్లమునుండి అనువదించుకొంటిమి. కాని అందలి ప్రత్యక్ష శబ్దము మన శాస్త్రములది. ఇంద్రియార్థ సన్నికర్షము వలన కలుగు జ్ఞానము ప్రత్యక్షమని నైయాయికులు చెప్పిరి. నడుమ మరియొక సాధనము లేకుండ వస్తువును నేరుగా గ్రహించుట దాని స్వభావము. అర్జీలు, ఎన్నికలు, న్యాయస్థానములు అను మధ్యవర్తులను విడిచి, కోరినదానిని తామే చేసివేయుట, వలదన్నదానిని తామే ఆపివేయుట ప్రత్యక్ష చర్య యని దాని పక్షమువారి మాట. ఈ నిర్వచనము నాగలి పట్టిన కౌలుదారునకు చక్కగా పొసగును. అతడు బీడుభూమిని ఆక్రమించి దున్నినచో పండిన గింజ అతని యింటికి చేరును. విద్యార్థి విశ్వవిద్యాలయ భవనమును ఆక్రమించినప్పుడు అతని యింటికి చేరునది యేమి?

ఈ ప్రశ్న రాజనీతి శాస్త్రజ్ఞులది కాని తెలుగు శాఖలది కాదని కొందరు తలపవచ్చును. మా అభిప్రాయము వేరు. భవనాక్రమణము చర్య యగుటకంటె ముందు ఒక ఉక్తి. ఎవరో ఎవరితోనో ఏదియో చెప్పుచున్నారు. ఉక్తికి అర్థమెట్లు కలుగునో విచారించుటకు మన ఆలంకారికులు ఏర్పరచిన పరికరములకంటె మేలైనవి మాకు కనబడలేదు. అభిధా లక్షణా వ్యంజనములను గూర్చి ఈ పత్రిక చదువరులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. లక్షణకు మమ్మటుడు చెప్పిన హేతువులను మాత్రము స్మరింతము. ముఖ్యార్థమునకు బాధ కలుగవలెను. లక్ష్యార్థమునకు దానితో సంబంధముండవలెను. రూఢి గాని ప్రయోజనము గాని యుండవలెను. గంగయందు గొల్లపల్లె యన్నప్పుడు ప్రవాహముపై పల్లె నిలువదు కనుక తీరమను అర్థము వచ్చును. తీరమని సూటిగా చెప్పక గంగ యని చెప్పుటకు శైత్యపావనత్వములు ప్రయోజనము. ఆ ప్రయోజనము వ్యంగ్యము.

విద్యాలయాక్రమణము లక్షణావృత్తి గల ఉక్తి యనియు, దానిని అభిధగా గ్రహించినవారు భవనమునకు లోపల నున్నను వెలుపల నున్నను ఒకే పొరపాటు చేసిరనియు మేము చూపదలచినాము. ఉదాహరణములను 1960-70 నడుమ ప్రసిద్ధమైన వానినుండియే ముఖ్యముగా గ్రహించినాము. వాని ఫలితములు మనకిప్పుడు పూర్తిగా తెలియును గనుక విమర్శకు అవి అనుకూలములు.

1968 ఏప్రిల్ 23న న్యూయార్కు నగరమునందలి కొలంబియా విశ్వవిద్యాలయమున విద్యార్థులు హామిల్టన్ హాల్ అను భవనమున ప్రవేశించి బైఠాయించిరి. వారము గడువక మునుపే ఐదు భవనములు వారి చేతిలోనికి వచ్చెను. కారణములు ముఖ్యముగా రెండు. వియత్నాము యుద్ధకాలమున ఆయుధ పరిశోధన జరుపు ఒక సంస్థతో విశ్వవిద్యాలయమునకు గల సంబంధము ఒకటి. రెండవది వ్యాయామశాల. ఇది కొంచెము వివరింపదగినది. విశ్వవిద్యాలయము మిట్టమీద నున్నది. దాని దిగువ మార్నింగ్‌సైడ్ ఉపవనము, దాని కావల నల్లజాతివారు నివసించు హార్లెమ్. నగరమునకు చెందిన ఆ ఉపవన భూమిలో విశ్వవిద్యాలయమువారు తమ వ్యాయామశాలను కట్టబూనిరి. మీది ద్వారము విద్యార్థులకు, క్రింది ద్వారము హార్లెమ్ వాసులకు. వారికి కేటాయించిన భాగమును స్వల్పమే. అమెరికాలోని వర్ణవివక్షా శాసనములకు జిమ్ క్రో యని వాడుక పేరు. వ్యాయామశాలను అచ్చట జిమ్ అందురు. ఆంగ్లమున ఈ రెండు మాటలకు అక్షరములు వేరు, ఉచ్చారణ మొకటి. జనులు ఆ కట్టడమునకు జిమ్ క్రో యని పేరిడిరి. తెలుగు లిపిలో అక్షరభేదము సైతము లేదు కనుక ఈ శ్లేష అనువాదమున చెడక మనకు దక్కినది.

శిల్పి గీచిన పటములోనే రెండు ద్వారములు మాటలాడుచుండగా, దానికి ప్రత్యుత్తరముగా విద్యార్థులు మరియొక భవనముచేత మాటలాడించిరి. భవనము మాది యని వారి చర్యకు ముఖ్యార్థము. ఆ అర్థము నిలువదు. విశ్వవిద్యాలయము నడచుటకు కావలసిన ధనము, శాసనాధికారము, భూమి హక్కు వారి చేతికి రాలేదు. రావని వారికిని తెలియును. కనుక ముఖ్యార్థ బాధ. హామిల్టన్ హాల్ కళాశాలాధ్యక్షుని కార్యాలయమునకును తరగతి గదులకును నెలవు కనుక విశ్వవిద్యాలయ నిర్ణయములతో దానికి సంబంధము కలదు. ఇక ప్రయోజనము: ఈ నిర్ణయములు మా పేర, మా చదువు పేర జరుగుచున్నవి, మేము ఒప్పుకొనము అనుట. దీనిని అర్జీలో వ్రాయవచ్చునే యని అడుగువారు, తీరమందు గొల్లపల్లె యని చెప్పరాదా యని అడుగువారివంటివారు.

ఏప్రిల్ 24 తెల్లవారకమునుపే నల్లజాతి విద్యార్థులు తమకు ఆ భవనమును విడిచి పొండని తెల్లజాతి విద్యార్థులను కోరిరి. వారు వెడలి ఇతర భవనములను పట్టుకొనిరి. ఇచ్చటినుండి ఒకే వాక్యము రెండు రీతుల పలుకబడినది. హామిల్టన్ హాలులోనివారు భవనమును శుభ్రముగా ఉంచుకొనిరి, న్యాయవాదులను సంప్రదించిరి, వ్యాయామశాల విషయమునుండి మాట తప్పనీయలేదు. వారి ప్రయోజనము స్పష్టము. దానిని వినవలసిన సహృదయ సమాజము హార్లెమ్ రూపమున మిట్ట క్రిందనే యున్నది. ఏప్రిల్ 30 తెల్లవారుజామున పోలీసులు వచ్చినప్పుడు వారు పెనగులాడక నడచి వెలుపలికి వచ్చిరి. ఆ భవనమున దెబ్బలు లేవు. ఇతర భవనములందు కొందరు తాము విముక్త ప్రదేశమును స్థాపించితిమని నిజముగానే తలచిరి. ఆ రాత్రి మొత్తము 700 మందికి పైగా నిర్బంధింపబడిరి, నూరుమందికి మించి గాయపడిరి. తరువాత జరిగిన కలతలో ఒక పోలీసు ఉద్యోగి వెన్నుకు తగిలిన దెబ్బ అతనిని జీవితాంతము వేధించెను. వ్యాయామశాల అచ్చట కట్టబడలేదు. ఆయుధ పరిశోధన సంస్థతో సంబంధము తెగినది. విశ్వవిద్యాలయాధ్యక్షుడు ఆగస్టులో పదవిని విడిచెను. ఫలమును బట్టి చూచినచో ఉక్తి అర్థమైనదనియే చెప్పవలెను.

కాని ఫలమును సాధించినవారిలో కొందరికి ఆ అర్థము చాలలేదు. కొలంబియా విద్యార్థి నాయకుడు మార్క్ రడ్ మొదలగువారు 1969లో వెదర్‌మన్ అను వర్గమున చేరిరి. భవనమును పట్టినట్లే రాజ్యమును పట్టవచ్చునని వారు తలచిరి. 1970 మార్చి 6న న్యూయార్కులోని ఒక యింటిలో వారు చేయుచున్న బాంబు ప్రేలి ముగ్గురు మరణించిరి. ఆ ముగ్గురిలో టెడ్ గోల్డ్ అనునతడు రెండేండ్లకు మునుపు కొలంబియా విద్యార్థి నాయకులలో నొకడు. లక్షణగా పుట్టిన వాక్యమును అభిధగా పలుకజొచ్చిన తోవ ఎచ్చటికి పోయెనో దీనివలన తెలియును. తన అప్పటి త్రోవ తప్పని రడ్ తరువాత తన స్మృతిగ్రంథమున ఒప్పుకొనెను.

ఈ దోషమును ఆనాడే పట్టుకొనినవాడు జర్మను తాత్త్వికుడు యూర్గెన్ హాబర్మాస్. 1968 జూనులో ఫ్రాంక్‌ఫర్టున విద్యార్థుల ఎదుటనే ఆయన విద్యార్థులు ప్రతీకమును వాస్తవముగా భ్రమించుచున్నారని విమర్శించెను. విశ్వవిద్యాలయమును ఆక్రమించుట అధికారమును ఆక్రమించుటకు ప్రతీకము కావచ్చును. అది అదియే యని నమ్ముట రోగలక్షణమని ఆయన తాత్పర్యము. మన పరిభాషలో చెప్పినచో లక్ష్యార్థమును ముఖ్యార్థముగా గ్రహించుట. ఈ విమర్శ సత్యము. కాని సగము సత్యము. గంగమీద గొల్లపల్లె నిలువదని చెప్పినవాడు సరిగానే చెప్పెను. శైత్యపావనత్వముల మాట యేమి? వాక్యము అభిధగా అసాధ్యమని నిరూపించినంత మాత్రమున అది వ్యర్థమని తేలదు. అసాధ్యమగుటయే లక్షణకు ద్వారము. హాబర్మాస్ ముఖ్యార్థ బాధను కనుగొని, ప్రయోజనమును విచారించుటలో తొందరపడెనని మాకు తోచును. 1967 జూను 9న హానోవరు సభలో ఆయన వామపక్ష ఫాసిజము అను మాటను ప్రయోగించెను. ఆ మాటకు తరువాత తానే చింతించెను.

హానోవరు సభ ఏ సందర్భమున జరిగినదో కూడ చెప్పవలెను. అంతకు వారము మునుపు, జూను 2న, పశ్చిమ బెర్లినున ఇరాను షా రాకకు నిరసనగా జరిగిన ప్రదర్శనమున బెన్నో ఓనెజోర్గ్ అను విద్యార్థిని ఒక పోలీసు కాల్చి చంపెను. ఆ యువకుని ఖననము జరిగిన దినముననే సభ. ఇచ్చట మా సిద్ధాంతమునకు ఒక ఆక్షేపము కలుగుచున్నది, దానిని దాచుట న్యాయము కాదు. తుపాకి గుండునకు లక్ష్యార్థము లేదు. లాఠీ దెబ్బ తగిలినవానితో నీవు చేసినది ప్రతీకము మాత్రమేనని చెప్పుట క్రౌర్యమగును. పలికినవాడు లక్షణగా పలికినను, ప్రత్యుత్తరము అతని శరీరమునకు అభిధగా వచ్చును. ఇది తెలిసియే పలుకుచున్నాడు గనుక అతని ఉక్తికి కావ్యోక్తికి లేని బరువు కలదు. ఆలంకారికుల పరికరము ఈ బరువును తూచలేదు. తూచగలదని మేమును చెప్పము.

ఇక గురుశిష్యుల విషయము. 1969 జనవరి 31న ఫ్రాంక్‌ఫర్టునందలి సామాజిక పరిశోధన సంస్థలో 76 మంది విద్యార్థులు ప్రవేశించిరి. వారికి నాయకుడు హాన్స్ యూర్గెన్ క్రాల్. అతడు ఆ సంస్థ సంచాలకులలో నొకడగు థియోడోర్ అడోర్నో వద్ద డాక్టరేటు పట్టమునకు పరిశోధన చేయుచున్న శిష్యుడు. వారిని వెడలుడని చెప్పినను వెడలలేదు. అడోర్నోయు తక్కిన సంచాలకులును పోలీసులను పిలిచిరి. విద్యార్థులు నిర్బంధింపబడిరి. ఇది ఆక్రమణమని గురువు చెప్పెను. చర్చకు గది కావలసి వచ్చితిమి, ఆక్రమణము కాదని శిష్యులు చెప్పిరి. జూలైలో జరిగిన విచారణమున గురువు శిష్యునకు ప్రతిపక్షమున సాక్ష్యము చెప్పవలసి వచ్చెను.

ఆధునిక సంగీత సాహిత్యములందలి అర్థము సూటిగా చెప్పబడదనియు, చెప్పినచో చెడుననియు జీవితమంతయు వాదించిన విమర్శకుడు అడోర్నో. మేళన లేని స్వరమునందును వ్యంగ్యమును విన్న ఆ చెవి, తన వాకిట నిలిచిన శిష్యుని రాకయందు అతిక్రమణమను వాచ్యార్థమును మాత్రమే విన్నది. ఇది మాకు విచారము కలిగించు విషయము. అయినను శిష్యులు నిర్దోషులు కారు. లోపలికి వచ్చునప్పుడు లక్షణతో వచ్చి, పట్టుబడినప్పుడు గదికొరకే వచ్చితిమని అభిధ వెనుక దాగుట ఉక్తికి ద్రోహము. ప్రయోజనము గల లక్షణను ప్రయోగించినవాడు ఆ ప్రయోజనమును అడిగినప్పుడు చెప్పగలిగి యుండవలెను. లేనిచో అది నేయార్థ దోషము.

అప్పటికి కాలిఫోర్నియాలో నున్న హెర్బర్ట్ మార్క్యూస్, అడోర్నోకు చిరకాల మిత్రుడు, ఈ విషయమై ఆయనతో ఉత్తరములు నడపెను. ఆగస్టు వరకు సాగిన ఆ ఉత్తరములు ప్రత్యక్ష చర్యా వాదమునకు మూలగ్రంథములవంటివి. పోలీసులా విద్యార్థులా అని తేల్చుకొనవలసి వచ్చినచో తాను విద్యార్థుల పక్షమని మార్క్యూస్ వ్రాసెను. ప్రాణాపాయ మున్నచో మాట వేరు; గదిలో కూర్చుండుట మాత్రము పోలీసులను పిలుచుటకు హేతువు కాదు. ఈ విద్యార్థులను ప్రభావితులను చేసినది మనమే, అందు మీరును తక్కువవారు కారు అని ఎత్తిపొడిచెను. అడోర్నో ఉత్తరము ఆవేదనతో కూడినది. యూదుల సంహారమునే మనమిరువురము ఆచరణలోనికి దుముకక సహింపవలసి వచ్చెను, ఆచరణకు దారి మూయబడి యుండుటయే హేతువని ఆయన వ్రాసెను. ఈ వాక్యమును తేలికగా త్రోసివేయరాదు. దారి మూయబడినచోట చేయు చర్య, చేసితిమను తృప్తికొరకే చేయు చర్య యగునని ఆయన భయము. కాని మూయబడిన దారి ఎదుట నిలిచి తలుపు తట్టుట చర్య కాకపోవచ్చును, మాట మాత్రము అగును. ఆయన ఆ మాటను విననైనను వినలేదు. ఉత్తరముల వాదము ముగియలేదు. 1969 ఆగస్టు 6న అడోర్నో స్విట్జర్లాండున గుండెపోటుతో మరణించెను. మరుసటి ఫిబ్రవరిలో క్రాల్ రహదారి ప్రమాదమున మరణించెను.

గురువులను విమర్శించుట సులభము. మేము పాఠము చెప్పు గది ద్వారమునకు అడ్డముగా విద్యార్థులు కూర్చుండిన దినము మాకు జ్ఞాపకమున్నది. వారిని దాటి పోవలెనా, వారితో కూర్చుండవలెనా యని తేల్చుకొనలేక వరండాలో నిలిచి హాజరు పట్టికను తిరుగవేయుచుంటిమి. పోలీసులను పిలిచినది మేము కాము. పిలువవలదని చెప్పినదియు మేము కాము.

మన విశ్వవిద్యాలయములందు ఈ ఉక్తికి మరియొక గతి పట్టినది. ధర్నా, ఘెరావు, బంద్ అను మాటలు మన దినపత్రికలందు వాతావరణ వార్తలవలె నిత్యములు. ఘెరావు 1967 ప్రాంతమున పశ్చిమ వంగ కార్మికోద్యమములనుండి దేశమంతట వ్యాపించినది. మొదట దానికి ప్రయోజనముండెను. ఇప్పుడు ఉపాధ్యక్షుని కార్యాలయమును చుట్టుముట్టగానే ఏ వినతిపత్రము ఇవ్వబడునో, ఏ హామీ చెప్పబడునో ఉభయపక్షములకు ముందే తెలియును. ఇది రూఢి లక్షణ. కుశలుడన్నప్పుడు దర్భలు కోయువాడు ఎవరికిని స్ఫురింపడు. రూఢియందు వ్యంగ్యము లేదని మమ్మటుడు స్పష్టముగా చెప్పినాడు. మన ఆందోళనములు వినబడకుండుటకు అధికారుల చెవిటితనము ఎంత కారణమో ఈ రూఢియు అంత కారణము.

రూఢిని మరల ప్రయోజనవతిని చేయుటయు కద్దు. 2024 ఏప్రిల్ 30న కొలంబియా విద్యార్థులు గాజా యుద్ధమునకు నిరసనగా మరల ఆ హామిల్టన్ హాలునే పట్టుకొనిరి. ఆ రాత్రియే పోలీసులు ప్రవేశించిరి. 1968లో పోలీసులు వచ్చిన తేదీయు అదియే. ఆ భవనమును ఎన్నుకొనుట రూఢి. కాని గాజాలో మరణించిన హింద్ రజబ్ అను చిన్న బాలిక పేరును వారు ఆ భవనమునకు పెట్టుటతో వాక్యము క్రొత్తదైనది.

తెలుగుదేశమున విద్యార్థుల ఉక్తులలో రెండింటిని మాత్రము పరిశీలింతము. మొదటిది 1938 నాటిది. ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహపు ప్రార్థనా మందిరమున విద్యార్థులు వందేమాతర గీతమును పాడిరి. నిజాము ప్రభుత్వమున అది నిషేధింపబడెను. సమ్మె కట్టినవారు వెడలగొట్టబడిరి. నాగపూరు విశ్వవిద్యాలయము వారిలో అనేకులకు చోటిచ్చెను. తరువాత భారత ప్రధాని యైన పి. వి. నరసింహారావు అట్లు పోయినవారిలో నొకరు. ఇచ్చట ఆక్రమణము లేదు. ప్రార్థనా మందిరమున పాట పాడుట, అంతియే. వాచ్యార్థమున దోషము లేశమును లేదు. ప్రభుత్వము శిక్షించినది వ్యంగ్యమును. అధికారులు సహృదయులు కారని మనము పరిహసింతుము గాని, భయము కూడ ఒక్కొక్కప్పుడు సహృదయత్వమును కలిగించును.

రెండవది 1970 ఫిబ్రవరిలో విశాఖపట్టణమున శ్రీశ్రీ షష్టిపూర్తి ఉత్సవములందు విశాఖ విద్యార్థుల పేర పంచబడిన కరపత్రము. శ్రీకాకుళ గిరిజన పోరాటము సాగుచున్న కాలమది. రచయితలు ఏ వైపున నున్నారో చెప్పవలెనని ఆ కరపత్రము ప్రశ్నించెను. దాని ఫలముగా కలిగిన కదలికయందే ఆ యేడు జూలై 4న హైదరాబాదున విప్లవ రచయితల సంఘము శ్రీశ్రీ అధ్యక్షతన ఏర్పడెను. ఉత్సవమండపమును విద్యార్థులు ఆక్రమింపలేదు, ప్రశ్నచేత ఆక్రమించిరి. ఆ ప్రశ్న నిర్మాణమును చూడుడు. దానికి రెండే ఉత్తరములు కలవు, మౌనము సైతము ఒక ఉత్తరముగా లెక్కింపబడును. ఇది శుద్ధాభిధ. ప్రభుసమ్మితము, సుహృత్సమ్మితము, కాంతాసమ్మితము అను విభాగమున దీనిని ప్రభుసమ్మితమున చేర్పవలసి వచ్చును; ఆజ్ఞాపించినవారు పాలకులు కాక పాఠశాలలవారగుట మాత్రము విశేషము.

దీనికి మునుపు దిగంబర కవుల మార్గము వేరు. వారు తమ మొదటి సంపుటమును 1965లో హైదరాబాదున ఒక రిక్షా కార్మికునిచేత, రెండవదానిని 1966లో విజయవాడలో ఒక హోటలు కార్మికునిచేత, మూడవదానిని 1968లో విశాఖపట్టణమున ఒక యాచకురాలిచేత ఆవిష్కరింపజేసిరి. గ్రంథావిష్కరణమను పెద్దల తంతునకు ముఖ్యార్థ బాధ కల్పించుట ఇందలి చమత్కారము. మొదటిసారి అది లక్షణ. మూడవసారికి రూఢి కాజొచ్చెనని మా అభిప్రాయము. ఆ కవులలో నలుగురు విప్లవ రచయితల సంఘమున చేరుటకు ఈ అలసట కూడ ఒక కారణము కావచ్చును. లక్షణ అరిగిపోయినచోట వారికి విద్యార్థుల అభిధ ఊపిరి పోసినది.

ఊపిరి పోసినమాట నిజము. ఎటువైపు అని అడుగబడని సాహిత్యము సోమరి యగును. ఆ ప్రశ్న అడిగిన విద్యార్థులకు తెలుగు కవిత్వము ఋణపడియున్నది. కాని తరువాతి విమర్శ ఆ కరపత్రపు ప్రశ్ననే ప్రతి పద్యమునకును వేయుటకు అలవాటుపడెను. కవి ఏ వైపున నున్నాడో తేలినతోడనే పద్యము చదువుట ముగిసినట్లు భావించిన వ్యాసములు మన గ్రంథాలయములందు కొల్లలు. కరపత్రమునకు తగిన ప్రశ్న కావ్యమునకు చాలదు.

ఈ అభిధావ్యసనము విమర్శకులకు మాత్రమే పట్టలేదు. 1974లో పెట్టబడిన సికింద్రాబాదు కుట్రకేసున వరవరరావు, చెరబండరాజు మొదలగు రచయితలు ముద్దాయిలైరి. వారు వ్రాసిన రచనలును నేరమునకు సాక్ష్యముగా చూపబడెను. కవితలో ఖడ్గమని యున్నచో ఇంటిలో ఖడ్గమున్నదని చదివినవారు ఆ అభియోగమును సిద్ధపరచిన వ్యాఖ్యాతలు. పదునైదేండ్ల విచారణము పిమ్మట 1989లో న్యాయస్థానము నేరము రుజువు కాలేదని కేసును కొట్టివేసెను. చెరబండరాజు ఆ తీర్పును వినుటకు లేడు. ఆయన 1982లో మరణించెను.